జీతంలో కోత పడినప్పుడు



ఈవేళ నేను చెప్పబోయేది ఆఫీసుల గొడవ కదా, ఇంట్లో ఉండే మాకెందుకు అనుకుంటారేమో. కాస్త ఓపికపట్టండి. ఈ రోజుల్లో ఉద్యోగానికి వెళ్ళే ఆడకూతురు లేని ఇల్లు పట్నంలో వెతికినా కనబడదు. మీరు కాకపోతే మీ అమ్మాయి, మీ కోడలు, మీ చెల్లెలు. జీతాల రోజున ఆ పిల్ల ఇంటికొచ్చి, కాఫీ కూడా తాగకుండా గదిలోకి వెళ్ళి పడుకుందంటే, ఆఫీసు గొడవ మన గుమ్మం దాటి లోపలికి వచ్చేసిందన్నమాటే. అప్పుడు ఆమెకు మనమిచ్చే సలహా మీద చాలా ఆధారపడి ఉంటుంది. సాధారణంగా మనమిచ్చే సలహా ఏమిటి? "పోనీలేమ్మా, మానేయ్. నీ సంపాదనతో గడవాలా ఏం?" ఆ సలహా నాకూ ఇచ్చారు. అంచేతే ఈ ప్రసంగం.

ఆడవాళ్ళ జీతాన్ని మనవాళ్ళు "వేడినీళ్ళకు చన్నీళ్ళు తోడు" అంటారు. ఇంట్లో వాళ్ళు అంటే ముద్దుగానే ఉంటుంది. మావారు వేడినీళ్ళు, నేను చన్నీళ్ళు అని నేనే చాలాసార్లు నవ్వుతూ అన్నాను. అదే మాట జీతమిచ్చే మనిషి నోట వింటే ఎలా ఉంటుందో 1983లో తెలిసింది.

అప్పుడు నేను విజయవాడలో ఒక ఏజెన్సీ ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. పేరు ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. మగవాళ్ళు నలుగురు, ఆడవాళ్ళం ఇద్దరం. నా పక్క బల్ల గుమాస్తా కొనుగోళ్ళ పుస్తకం రాస్తే, నేను అమ్మకాల పుస్తకం రాసేదాన్ని. అతను సెలవు పెడితే రెండు పుస్తకాలూ నావే, నేను సెలవు పెడితే రెండూ అతనివే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది. నా జీతం 520 రూపాయలు.

దసరా ముందు వచ్చిన జీతం కవరు పలచగా అనిపించింది. లెక్కపెట్టాను, 430. మళ్ళీ లెక్కపెట్టాను. లెక్కలు రాసేదాన్ని కదండీ, నా చేతిమీద నాకే అనుమానం వచ్చింది. జీతాల రిజిస్టరు తెరిచి చూస్తే నా పేరుకెదురుగా 520 అనే ఉంది. హెడ్ గుమాస్తాగారిని అడిగితే, తల ఎత్తకుండానే, "అది పుస్తకం లెక్కమ్మా, ఇది చేతి లెక్క. వ్యాపారం మందంగా ఉంది. సంతకం పెట్టి వెళ్ళు" అన్నారు.

పెట్టేశాను. మొదటి తప్పు అదే.

మర్నాడు తెలిసింది, కోత పడింది మా ఇద్దరికే. మగవాళ్ళ కవర్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ధైర్యం చేసి ప్రొప్రయిటరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన నన్ను కసరలేదు, కూర్చోమన్నారు. ఎంతో మంచిగా, "చూడమ్మా, మీ ఆయనకి స్థిరమైన ఉద్యోగముంది. నీ జీతం చీరలకీ సినిమాలకీ. ఆ మగపిల్లలకి సంసారాలున్నాయి. అర్థం చేసుకోవాలి మరి" అన్నారు. నాకు కోపం రావలసిన చోట సిగ్గేసింది. నిజమే కాబోలు అనుకుంటూ బయటికొచ్చాను. ఆ తొంభై రూపాయలతో మా పాలవాడి లెక్క తీరేదన్న సంగతి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది!

ఇంటికొచ్చి చెబితే అత్తగారు, "పోరెందుకే, మానేసి ఇంటిపట్టున ఉండు" అన్నారు. మావారు, "తొంభై రూపాయల కోసం ఎవరితో తగువు పెట్టుకుంటాం?" అన్నారు. వాళ్ళు నా మంచికే అన్నారు. కాని చూడండి, ఆ యజమానికి కావలసిందీ అదే. మానేస్తే ఇంకో అమ్మాయిని 400కే పెట్టుకుంటాడు. మానకపోతే 430కే నేను చేస్తాను. రెండు విధాలా లాభం ఆయనదే.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు, బాబాయిగారని పిలిచేవాళ్ళం. లేబరాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రాత్రంతా కూర్చుని మూడు పేజీల ఉత్తరం రాసి ఆయనకు చూపించాను. అందులో "దుర్మార్గం" అన్న మాట నాలుగుసార్లుంది. "ఆడదాని ఉసురు" కూడా ఉందనుకుంటాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొత్తం చదివి, "బాగుందమ్మా, పత్రికకు పంపుకో. యజమానికి మాత్రం ఇది కాదు" అని, అయిదు వాక్యాలు చెప్పి రాయించారు. ఆ అయిదు వాక్యాలూ చివర్లో చెబుతాను.

ఆ రోజు ఆయన చెప్పిన మరో మాట, వచ్చే నెల సంతకం పెట్టేటప్పుడు దాని పక్కన "430 మాత్రమే ముట్టినది" అని రాసి తేదీ వేయమన్నారు. వినడానికి ఎంత తేలిక! రెవిన్యూ స్టాంపు మీద సంతకం చేసి, ఆ మూడు మాటలూ రాస్తుంటే నా చెయ్యి వణికింది. హెడ్ గుమాస్తాగారు రిజిస్టరు లాక్కోబోయారు. అప్పటికే రాసేశాను.

ఇక మొదలైంది. నా బల్ల గోడౌను గుమ్మం దగ్గరికి మారింది. అయిదున్నరకు వెళ్ళవలసినదాన్ని ఏడింటిదాకా ఏదో ఒక పని పేరుతో కూర్చోబెట్టేవారు. కాఫీ వచ్చినప్పుడు నా గ్లాసు రావడం మానేసింది. మీరు నవ్వుతారేమో గాని, అన్నింటికన్నా ఆ గ్లాసే ఎక్కువ బాధపెట్టింది. బాబాయిగారు నలభై పేజీల నోటుబుక్కు ఒకటి కొనిచ్చి, ఏ రోజు ఏం జరిగిందో, ఎన్ని గంటలకు వదిలారో, ఎవరేమన్నారో రాసుకోమన్నారు. "ఏడ్చినట్టు రాయకు, అమ్మకాల పుస్తకం రాసినట్టు రాయి" అన్నారు. అది నాకు చేతనయిన పని. అలా రాస్తుంటే ఏడుపు కూడా తగ్గింది, ఎందుకో.

ఇక్కడ నా తప్పు ఇంకొకటి చెప్పాలి. నాతోపాటు కోత పడిన రెండో ఆమె ఉందని చెప్పాను కదా. ఆమె భర్త మంచంమీద ఉండేవాడు. ఆమె జీతమే ఆ ఇంటికి వేడినీళ్ళూ చన్నీళ్ళూ కూడా. లేబరాఫీసుకు అర్జీ పెట్టేటప్పుడు ఇద్దరి పేర్లుంటే బలమని, ఆమెను అడక్కుండా ఆమె పేరూ రాసేశాను. నోటీసు వచ్చిన రోజున ప్రొప్రయిటరుగారు ముందు పిలిచింది ఆమెనే. బయటికొచ్చి నాతో అన్నమాట నలభై ఏళ్ళు దాటినా మరిచిపోలేదు. "నీకు పోతే ఉద్యోగం పోతుంది. నాకు పోతే అన్నం పోతుంది. నన్నొక మాట అడగవలసింది" అంది. నేను న్యాయం పక్షాన ఉన్నాననుకున్నాను గాని, ఆమె బతుకు నేను పందెం కాయడం న్యాయం కాదు. కలిసి అడిగితే బలమే, కాదనను. అయితే ఎదుటి మనిషి తనంత తాను ఒప్పుకుని కలవాలి.

అన్నట్టు, అదే నెలలో ఇంట్లో ఒకటి జరిగింది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె పిల్లకు జ్వరమని మూడు రోజులు రాలేదు. నేను మామూలుగానే మూడు రోజుల డబ్బు పట్టుకుని మిగతాది చేతిలో పెట్టాను. ఆమె గుమ్మంలో నుంచుని లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. నేను కవరు లెక్కపెట్టుకున్నట్టే. పిలిచి మిగతాది ఇచ్చేశాను. "లేబరాఫీసు ఇంటికే వచ్చిందన్నమాట" అన్నారు మావారు, పేపరు చాటునుంచి. అప్పటికి నవ్వొచ్చింది గాని, తరవాత ఆలోచిస్తే అంత నవ్వదగ్గ మాటేం కాదు.

లేబరాఫీసు మెట్లు నాలుగుసార్లు ఎక్కాను. మొదటిసారి ఆఫీసరుగారు కాంపులో ఉన్నారన్నారు. రెండోసారి అర్జీకి నకలు లేదన్నారు. మూడోసారి తీసుకున్నారు. నాలుగోసారి పిలిపించి, నేను ఏ పని చేస్తానో, పక్క గుమాస్తా ఏ పని చేస్తాడో అడిగారు. ఇద్దరం ఒకరి పుస్తకం ఒకరం రాస్తామని చెప్పగానే, "అలాగా!" అని కలం తీశారు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే పనికి ఒకే జీతమివ్వాలని చట్టముందని నాకు అప్పుడే తెలిసింది. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం కదా, ఆ ఏడే ఆర్డినెన్సుగా తెచ్చి, 1976లో సమాన వేతన చట్టం చేశారట. ఏడేళ్ళయినా నాలాంటి దానికి తెలియలేదు.

ఒక సాయంత్రం హెడ్ గుమాస్తాగారు మా ఇంటికొచ్చారు. నేను గుమ్మంలోనే ఉన్నా, నన్ను దాటి వెళ్ళి మావారి ఎదుట కూర్చుని, "మీరైనా చెప్పండి సార్, ఆడవాళ్ళకి ఈ పంతాలేమిటి" అన్నారు. మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఆవిడ జీతం సంగతి నాకేం తెలుసండీ? ఆవిడనే అడగండి" అన్నారు. అంతకుముందు నాతో వాదించిన మనిషే. ఆ ఒక్క మాటతో నాకు ఏనుగెక్కినట్టయింది. ఇది వింటున్న అత్తగార్లూ, అమ్మలూ, మీరు చట్టాలేవీ చదవక్కర్లేదు. మీ పిల్ల తరఫున రాయబారానికి ఎవరైనా వస్తే "ఆమెనే అడగండి" అనండి చాలు.

నాలుగు నెలల కోత, 360 రూపాయలు, తిరిగొచ్చాయి. రెండో ఆమెకూ వచ్చాయి. అంతా సుఖాంతమేనా అంటే, కాదు. ఆ ఏడు ఇంక్రిమెంటు మా ఇద్దరికీ రాలేదు. నా బల్ల గోడౌను దగ్గరే ఉండిపోయింది. పధ్నాలుగు నెలలు అక్కడే కూర్చుని పనిచేశాను, వేరే ఉద్యోగం చేతిలో పడ్డాకే రాజీనామా ఇచ్చాను. ముందే విసిరికొట్టి ఉంటే ఆ 360 కూడా వచ్చేది కాదు.

తరవాత 1987లో సుప్రీంకోర్టు తీర్పొకటి వచ్చింది. బొంబాయిలో ఒక ఓడల కంపెనీలో లేడీ స్టెనోగ్రాఫర్లకు మగ స్టెనోగ్రాఫర్లకన్నా తక్కువ జీతమిస్తుంటే, ఒకామె కోర్టుకెక్కింది. వీళ్ళు వేరే తరగతి అన్నారు, యూనియనుతో ఒప్పందముందన్నారు, కంపెనీకి ఇచ్చే స్తోమత లేదన్నారు. ఏదీ చెల్లలేదు. స్తోమత లేదన్న కారణంతో ఒకే పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళకు తక్కువ ఇవ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. అది చదివిన రోజున మా హెడ్ గుమాస్తాగారి "వ్యాపారం మందంగా ఉంది" గుర్తొచ్చింది.

ఇక ఇప్పటి సంగతి. కవర్లు పోయాయి, జీతం బ్యాంకులో పడుతోంది. కోత మాత్రం పోలేదు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో సగం జీతాలే వచ్చాయో మీకు తెలుసు. చట్టాలూ మారాయి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1976 నాటి సమాన వేతన చట్టం, ఇంకో రెండూ కలిపి 2019లో వేతనాల కోడ్ అని ఒక్కటిగా చేశారు. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో మన ఇళ్ళకు పనికొచ్చేవి కొన్ని చెబుతాను.

నెల జీతం మరుసటి నెల 7వ తారీఖులోపు ఇవ్వాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా, రావలసినది రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పే స్లిప్పు ఇచ్చి తీరాలి. ఇష్టమొచ్చిన పేరు పెట్టి జీతంలో పట్టుకోవడానికి లేదు, ఏ ఏ కారణాలకు పట్టుకోవచ్చో కోడ్‌లోనే రాసి ఉంది. అవన్నీ కలిపినా సగం జీతం దాటకూడదు. జరిమానా వేయాలంటే ముందు ఆమె చెప్పేది వినాలి. వేసినా నెల జీతంలో నూటికి 3 దాటకూడదు. అంటే 10,000 జీతగత్తెకు 300. రానన్ని గంటలకు, రానన్ని రోజులకు తగిన జీతమే తగ్గించాలి. పది నిమిషాలు ఆలస్యమైతే పూట జీతం పట్టుకునే కొట్లున్నాయి చూడండి, అది ఈ లెక్కకు నిలవదు. ఒకే పనికి ఆడా మగా తేడా చూపకూడదు. ఆ తేడా సరిచేస్తున్నామనే వంకతో మగవాళ్ళ జీతం తగ్గించడానికీ వీల్లేదు.

నాకు అన్నింటికన్నా నచ్చింది ఒకటుంది. జీతం తక్కువిచ్చారని అర్జీ పెడితే, సరిగ్గా ఇచ్చామని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. అర్జీకి మూడేళ్ళ గడువుంది. పట్టుకున్న సొమ్ముతోపాటు, దానికి పదిరెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం కూడా విచారించే అధికారికి ఉంది. వకీలు ఖర్చుకు భయపడేవాళ్ళకు ఇంకో మాట. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

నిజంగానే వ్యాపారం దెబ్బతిని అందరికీ తగ్గిస్తున్నామంటే? అలాంటి రోజులూ వస్తాయి, యజమానులందరూ దొంగలు కారు. అప్పుడు కూడా ఎంత తగ్గిస్తారు, ఎన్నాళ్ళు, పరిస్థితి బాగుపడ్డాక తిరిగి ఇస్తారా అని అడిగి, ఆ జవాబు కాగితం మీద తీసుకోవాలి. "నా ఇష్టపూర్వకంగా తగ్గించుకుంటున్నాను" అన్న కాగితం ముందు పెట్టి ఇప్పుడే సంతకం చేయమంటే, ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు చెబుతాననాలి. ఆ ఒక్క రాత్రి చాలా విలువైనది. కార్మికుల కింద లెక్కకు వచ్చేవాళ్ళ జీతంలో ఇలాంటి మార్పు చేయాలంటే ముందు నోటీసిచ్చి 21 రోజులు ఆగాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి కోడ్‌లోనూ ఉంది.

నోటుబుక్కు సలహా ఇప్పటికీ పనికొస్తుంది. నియామకపు ఉత్తరం, పే స్లిప్పులు, బ్యాంకు పాసుబుక్కు పేజీ, ఆఫీసువాళ్ళు పంపిన వాట్సాప్ సందేశాలు ఇంట్లో ఒకచోట ఉంచుకోవాలి. ఆఫీసు కంప్యూటరులో దాచుకున్నది మనది కాదు. దాన్ని ఒక్క పూటలో మూసేస్తారు. మా బంధువులమ్మాయి ఒకతెకు అలాగే అయింది, చేతిలో ఒక్క కాగితం మిగల్లేదు.

బాబాయిగారి అయిదు వాక్యాలు చెబుతానన్నాను. కలం, కాగితం తెచ్చుకోండి, నిదానంగా చదువుతాను.

"అయ్యా, నేను ఫలానా తేదీ నుంచి మీ వద్ద ఫలానా పని చేయుచున్నాను. నా నెల జీతము ఇంత. ఫలానా నెలకు నాకు ఇంత మాత్రమే ముట్టినది. ఈ తగ్గింపునకు కారణమేమిటో నాకు వ్రాతమూలకముగా తెలియజేయగోరెదను. తగ్గించిన మొత్తము ఇంత, దీనిని చెల్లించవలసినదిగా కోరుచున్నాను."

కింద తేదీ, సంతకం. నకలు మన దగ్గరుండాలి. చేతికిస్తే నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. తీసుకోమంటే పోస్టులో పంపాలి. అప్పుడు నేను రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనక ఇప్పుడు స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి. "దుర్మార్గం" అన్న మాట రాయాలనిపిస్తే, వేరే కాగితం మీద రాసుకోండి. నా మూడు పేజీలూ ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి.